వైద్య చరిత్ర సంఘం వార్షిక సభకు పేపర్ పంపాలి: టెక్కలి టీకాల నోటు పుస్తకాలపై సందేహాలు

ప్రశ్న (చరిత్ర లెక్చరర్, శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మా తాతగారు, అంటే అమ్మ వాళ్ల నాన్న, టెక్కలి చుట్టుపక్కల ఊళ్లలో మశూచి టీకాలు వేసే ఉద్యోగం చేశారు. 1940లలో ఆయన రాసుకున్న నోటు పుస్తకాలు ఈమధ్య మా మేనమామ ఇంట్లో అటక మీద దొరికాయి. తేదీ, ఊరు, పిల్లల పేర్లు, వారం తర్వాత వెళ్లి చూస్తే పొక్కు లేచిందా లేదా (అంటే టీకా పట్టిందా లేదా) అన్నది వరుసగా ఉంది. అమ్మవారి పండగ రోజుల్లో ఎవరూ తలుపు తియ్యలేదని కూడా అక్కడక్కడా రాసుకున్నారు.

వీటి మీద అమెరికన్ అసోసియేషన్ ఫర్ ది హిస్టరీ ఆఫ్ మెడిసిన్ వార్షిక సభకు పేపర్ పంపాలని ఉంది. కాలేజీలో చెబితే "అది డాక్టర్ల కాన్ఫరెన్సు కదా, మనకేం పని?" అన్నారు. డాక్టర్ కాని వాళ్లు పంపవచ్చా? అబ్‌స్ట్రాక్ట్‌లో, అంటే ముందుగా పంపే పేపర్ సారాంశంలో, ఏం రాయాలి? ఎంపికైతే ఫీజు, వీసా ఎలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (వైద్య చరిత్ర పరిశోధకుడు, విజయనగరం)

మేడం, తప్పకుండా పంపండి. ఆ సంఘం 1925లో మొదలైంది. ఇప్పుడు అందులో డాక్టర్లు ఎంతమంది ఉంటారో చరిత్ర చెప్పేవాళ్లు, లైబ్రేరియన్లు, నర్సింగ్ చరిత్ర రాసేవాళ్లు, పరిశోధక విద్యార్థులు అంతే కనిపిస్తారు. ఎంబీబీఎస్ ఉందా అని ఎవరూ అడగరు. సభ మామూలుగా వసంతంలో జరుగుతుంది, అబ్‌స్ట్రాక్ట్‌లు అంతకు ముందు శరత్కాలంలోనే తీసుకుంటారు. కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి.

ఇంకో మాట కూడా మీ కాలేజీలో చెప్పండి. మన దేశంలో వైద్య చరిత్రకు ఒక విభాగం పెట్టింది మన పక్కనే, విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో, 1944లో. డాక్టర్ డి.వి.సుబ్బారెడ్డి గారి కృషి అది. 1956లో అది హైదరాబాదు ఉస్మానియా మెడికల్ కాలేజీకి మారింది. ఇప్పుడు గడ్డి అన్నారంలో ఉన్న జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ దాని కొనసాగింపే. అక్కడి లైబ్రరీ మీకు పనికొస్తుంది. ఉత్తరాంధ్ర వాళ్లకి ఈ రంగంలో పనేంటని ఎవరూ అనడానికి లేదు.

ఇక అబ్‌స్ట్రాక్ట్. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. "మశూచి భయంకరమైన వ్యాధి, మా తాతగారు ఎంతో సేవ చేశారు, ఆయన నోటు పుస్తకాలను పరిచయం చేస్తాను" అని రాస్తే పక్కన పెట్టేస్తారు. ఉన్న మూడు వందల చిల్లర పదాల్లో మీ ప్రశ్న ఏమిటి, ఏ ఆధారం చూశారు, ఏం తేలింది అన్నవి కనబడాలి. "ఏం తేలుతుందో చూస్తాను" అంటే సరిపోదు, తేలింది చెప్పాలి. పేరు తెలియకుండా చదివే పద్ధతి ఉంటుంది కాబట్టి "మా తాతగారు" అని కాకుండా "టెక్కలి ప్రాంతంలో పనిచేసిన ఒక వ్యాక్సినేటర్" అని రాయండి.

మీ పుస్తకాల్లో నాకు ఒక మంచి ప్రశ్న కనిపిస్తోంది. పొక్కు లేవని కేసులు ఏ నెలల్లో ఎక్కువో లెక్క తీయండి. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీకి టీకా మందు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారయ్యేది. దూడల చర్మం మీద పెంచి తీసిన మందు అది, ఎండకు తట్టుకోదు. గిండీ నుంచి నౌపడా దాకా రైల్లో, అక్కడి నుంచి టెక్కలికి, ఆపైన ఎడ్లబండి మీదో కాలినడకనో ఊళ్లోకి వచ్చే సరికి వేసవిలో దానిలో సత్తువ ఎంత మిగిలేదో ఆలోచించండి. ఆనాటి అధికారుల నివేదికలు చదివితే టీకా విఫలమైనప్పుడల్లా జనం మూఢనమ్మకం మీదికి తోసేయడం కనిపిస్తుంది. మీ నోటు పుస్తకాల్లో ఏప్రిల్, మే నెలల్లో వైఫల్యాలు పెరిగి, తలుపులు తియ్యని ఊళ్లు మాత్రం పండగ రోజుల్లోనే కనిపిస్తే, ఆ రెండూ వేరువేరు కారణాలని చూపించవచ్చు. ఏ దేశంలో చదివేవాళ్లకైనా ఆసక్తి కలిగించే విషయం అది. లెక్క అలా రాకపోతే వచ్చిందే రాయండి, అదీ పేపరే.

పాత రికార్డులు వెతికేటప్పుడు జిల్లా పేరు దగ్గర జాగ్రత్త. టెక్కలి 1936 దాకా గంజాం జిల్లాలో ఉంది. ఒరిస్సా ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది. శ్రీకాకుళాన్ని ఇంగ్లీషు రికార్డుల్లో "చికాకోల్" అని రాసేవాళ్లు, ఆ స్పెల్లింగుతోనే వెతకాలి. చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్ మీకు ముఖ్యం. ఇంట్లో కూర్చుని మొదలుపెట్టాలంటే నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వాళ్లు బ్రిటిష్ ఇండియా వైద్య నివేదికలు స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు, టీకాల నివేదికలూ ఉన్నాయి.

జవాబు (రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్, బొబ్బిలి)

అమ్మా, ఆ పుస్తకాలు లామినేషన్‌కి మాత్రం ఇవ్వొద్దు. వేడికి కాగితం పాడవుతుంది, మళ్లీ విడదీయలేరు. సెల్లోటేపు కూడా వద్దు. నీడపట్టున పగటి వెలుతురులో ఒక్కో పేజీ ఫోటో తీసి, ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, తేమ తగలని చోట పెట్టండి. మన సముద్రపు గాలికి కాగితం త్వరగా మెత్తబడి పోతుంది.

నేను ఉద్యోగంలో చేరేసరికి రెండు మొనల సూది వచ్చేసింది, దాంతో పదిహేను పోట్లు పొడిచేవాళ్లం. మీ తాతగారి తరం వాళ్లు పళ్లున్న చిన్న బిళ్లను చర్మం మీద తిప్పి వేసేవారు. అందుకే పాతవాళ్ల చేతుల మీద పెద్ద గుండ్రటి మచ్చలు ఉంటాయి. 1973 నుంచి దేశంలో ఇల్లిల్లూ తిరిగి వెతికారు. మశూచి కేసు చెప్పినవారికి ఇచ్చే బహుమతి 1975 నాటికి వెయ్యి రూపాయలు అయింది. 1977లో దేశం నుంచి మశూచి పోయిందని ప్రకటించారు. ఆ నోటు పుస్తకాల్లో పేర్లున్న పిల్లల్లో ఇంకా బతికున్నవాళ్లు ఉంటే 80కి దగ్గరపడో, దాటో ఉంటారు. పేపర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు వాళ్లతో మాట్లాడండి. రికార్డు చేసే ముందు ఒప్పుకోలు అడగండి. సభలో చూపించే పేజీల మీద పిల్లల పేర్లు, కులాలు కనబడకుండా కప్పండి.

జవాబు (పీహెచ్‌డీ విద్యార్థిని, విశాఖపట్నం)

మేడం, ముందు ఆంధ్రప్రదేశ్ హిస్టరీ కాంగ్రెస్‌లో చదివితే ధైర్యం వస్తుంది, మంచి ప్రశ్నలూ వస్తాయి. కానీ వాళ్ల ప్రొసీడింగ్స్‌లో (సభ పేపర్ల సంపుటిలో) పూర్తి పేపర్ అచ్చుకి ఇచ్చేయకండి. అచ్చయిన పనిని బయటి సంఘాలు సాధారణంగా తీసుకోవు. అలాగే మీరు పంపకుండానే "మీ పేపర్ ఎంపికైంది, ఫీజు కట్టండి" అని పొగుడుతూ వచ్చే మెయిళ్లను నమ్మొద్దు. నిజమైన సంఘానికి సొంత పత్రిక ఉంటుంది, గత సభల కార్యక్రమ పత్రాలు దొరుకుతాయి.

మళ్లీ ప్రశ్న (శ్రీకాకుళం)

మీ అందరికీ కృతజ్ఞతలు. నెలలవారీ లెక్క ఈ రోజే మొదలుపెట్టాను. డబ్బు, వీసా విషయం కూడా ఎవరైనా చెప్పగలరా? మాది ప్రభుత్వ కాలేజీ.

జవాబు (వైద్య చరిత్ర పరిశోధకుడు, విజయనగరం)

ఎంపిక లేఖ రాగానే శాఖ నుంచి విదేశీ ప్రయాణానికి అనుమతి, ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కోసం దరఖాస్తు పెట్టుకోండి, అదే ఎక్కువ ఆలస్యం అవుతుంది. అమెరికా వీసా మన ఆంధ్రా వాళ్లకి హైదరాబాదు కాన్సులేట్‌లో. ఇంటర్వ్యూ తేదీలు దూరంగా పడతాయి కనుక లేఖ వచ్చిన రోజే స్లాట్ చూడండి. ప్రయాణ సాయం, ఫీజు తగ్గింపు ఉన్నాయేమో దరఖాస్తుకి ముందే నిర్వాహకులకు మెయిల్ రాసి అడగండి, అందులో మొహమాటం వద్దు.

ఫీజు కట్టేటప్పుడు కార్డు పనిచేయకపోతే కంగారు పడకండి. 2020 మార్చి నుంచి కొత్త కార్డులు మన దేశంలో వాడకానికే తెరిచి ఇస్తున్నారు, బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి. గడువు అర్ధరాత్రి అని ఉంటే ఏ టైమ్ జోన్ అర్ధరాత్రో చూడండి. అమెరికా తూర్పు తీరం టైమ్ అయితే సెప్టెంబరు, అక్టోబరుల్లో మనకు మర్నాడు ఉదయం 9.30 అవుతుంది. అయినా ముందు రోజే పంపేయండి. పంపే ముందు ఇక్కడ పెడితే నేను చదివి చెబుతాను.