మే ఎండల్లో ఇంట్లోనే అంతరిక్షం థీమ్ పుట్టినరోజు: ఏడేళ్ల పాపకి, పద్నాలుగేళ్ల బాబుకి ఏం చేయాలి?

పటమట నుంచి ప్రశ్న

మే రెండో వారంలో మా పాపకి 7 నిండుతాయి. రాకెట్లు, గ్రహాలంటే ప్రాణం. రెండో అంతస్తు ఫ్లాటు, హాలు 16 అడుగుల పొడవు, 11 వెడల్పు. డాబా వాడుకోవచ్చు. పిల్లలు 15 మంది, వాళ్లతో వచ్చే పెద్దలు ఆరుగురు. అలంకరణ, కేకు, ఆటలు అన్నీ ఇంట్లోనే చేయాలని ఉంది. అదే వారంలో బాబుకి 14 వస్తాయి. వాడు "నాకు బెలూన్లూ గట్రా వద్దు" అంటున్నాడు. ఇద్దరికీ సలహా కావాలి.

బ్రాడీపేట నుంచి జవాబు

ముందు టైము ఖాయం చేసుకోండమ్మా, మిగతావన్నీ దాన్నిబట్టే. మన గుంటూరు, బెజవాడల్లో మే నెలలో సాయంత్రం 5 దాకా డాబా మీద కాలు పెట్టలేం. 5:30కి పిలవండి, 7:30కి ముగించండి. ముందు హాల్లో ఆటలు, 6:15కి డాబా, చివర్లో కేకు. 5 గంటలకి డాబా మీద నాలుగు బకెట్ల నీళ్లు కొడితే పిల్లలు ఎక్కేసరికి గచ్చు ఆరుతుంది, వేడీ తగ్గుతుంది.

బెలూన్ల దండ ఒక్కటి చాలు, అదీ కేకు బల్ల వెనక. 8 అడుగుల దండకి 10 అంగుళాలవి 60, 5 అంగుళాలవి 40 కావాలి. పగిలేవాటి కోసం ఇంకో 15 ఉంచుకోండి. బెజవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లలో వంద ప్యాకెట్టుగా తెచ్చుకుంటే విడిగా కొన్నదానికన్నా చవక. 10 అంగుళాల బెలూన్‌ని 8కి మించి ఊదకండి. నిండా ఊదితే రబ్బరు పల్చబడుతుంది, వేడికి లోపలి గాలి వ్యాకోచించి పగులుతుంది. అట్టపెట్టెలో 8 అంగుళాల చతురస్రం కోసి, ఊదిన బెలూన్ అందులో పట్టేలా చూసుకుంటే అన్నీ ఒకే సైజులో వస్తాయి. రెండింటి మూతులు కలిపి ముడి వేయండి. అలాంటి జంటలు రెండు మెలితిప్పితే నాలుగు రేకుల పువ్వులా అవుతుంది. దాన్ని గాలపు నైలాన్ దారానికి చుట్టుకుంటూ పోవాలి. చిన్నవి చివర్లో సందుల్లో దూర్చండి.

అంతరిక్షం అనగానే అందరూ నల్లవీ ముదురు నీలానివీ కొంటారు. ఎండ తగిలితే ముందు చెడేవి అవే: కొద్దిసేపట్లో నిగనిగ పోయి పైన బూడిద పూసినట్టు తెల్లటి పొర వస్తుంది, వేడిని ఎక్కువ పీల్చి త్వరగా పగులుతాయి కూడా. పొద్దున్నే కట్టేసి బాల్కనీలో పెట్టకండి. మధ్యాహ్నం 2 తర్వాత ఊది, నీడపట్టున ఉంచండి.

గోడకి డబుల్ టేప్ అంటిస్తే తీసేటప్పుడు పెయింటుతోపాటు లప్పం ఊడొస్తుంది. కర్టెన్ రాడ్డు నుంచి కిటికీ గ్రిల్లుకి పురికొస కట్టి దానికే అన్నీ వేలాడదీయండి. థర్మాకోల్ అక్షరాల జోలికి వెళ్లకండి. 2022 జూలై 1 నుంచి అలంకరణకి వాడే థర్మాకోల్, బెలూన్లకి పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు దేశమంతటా నిషేధం. టిఫిన్‌కి ఆకు దొన్నెలు తీసుకోండి.

గవర్నర్‌పేట నుంచి జవాబు

అలంకరణని పిల్లలు అయిదు నిమిషాలు చూస్తారు. చేత్తో చేసినదే వాళ్లకి గుర్తుంటుంది. అందుకని ఆటల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఈ వయసుకి రెండు చాలు.

మొదటిది బెలూన్ రాకెట్. హాలు పొడవునా గోడ పక్కగా గాలపు దారాలు రెండు, అడుగున్నర ఎడంతో బిగించండి. నూలు దారం వద్దు, దాని నూగుకి రాకెట్ మధ్యలో ఆగిపోతుంది. ఒక చివర ముడి వేసేముందు కాగితం స్ట్రా ముక్క, 4 అంగుళాలది, దారంలోకి ఎక్కించాలి. బెలూన్ ఊది మూతి వేళ్లతో నొక్కిపట్టి, స్ట్రాకి సమాంతరంగా టేపుతో అంటించి వదిలేయడమే. దూసుకెళ్లకపోతే కారణం మూడింట్లో ఒకటి: దారం వదులై మధ్యలో జారింది, బెలూన్ వంకరగా అతికింది, లేదా ఊదకముందే టేపు వేశారు. ఊదకముందు వేసిన టేపు రబ్బరు సాగేసరికి లేచిపోతుంది. నోటితో కాకుండా చేతి పంపుతో ఊదించండి, ఎవరి బెలూన్ వాళ్లదే.

ఒక్కటి మర్చిపోవద్దు. నైలాన్ దారం కంటికి ఆనదు. పరిగెత్తే పిల్లల మెడకి తగిలితే కోసుకుపోతుంది. ప్రతి రెండడుగులకీ ఎర్ర గుడ్డపీలిక కట్టండి, ఆట అయిన మరుక్షణం దారం విప్పేయండి.

రెండోది డాబా మీద. భూమిని గసగసాల గింజంత, అంటే ఒక మిల్లీమీటరు అనుకుంటే సూర్యుడు 11 సెంటీమీటర్లు, దబ్బకాయంత. 5 అంగుళాల పసుపు బెలూన్‌ని ఆ సైజుకి ఊది ఒక మూల పెట్టండి. అక్కడి నుంచి 15 అడుగులకి బుధుడు, 28కి శుక్రుడు, 39కి భూమి, 59కి అంగారకుడు. గింజ గాలికి పోతుంది కాబట్టి తెల్ల అట్టముక్క మీద జిగురుతో అతికించాలి. దాని నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో పెన్నుతో చుక్క పెడితే అది చంద్రుడు. పిల్లల్ని వంగి చూడమనండి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది ఆ చుక్క మీదే అని చెప్పండి. పెద్ద శనగంత గురుడు 200 అడుగుల అవతల ఉంటాడు, డాబా చాలదు. ఎదురు వీధి చివర చూపించి "అదిగో అక్కడ" అంటే చాలు.

పటమట నుంచి

దారం సంగతి అస్సలు తట్టలేదండీ, చాలా థాంక్స్. కేకు క్రీముతో చేస్తే నిలుస్తుందా? బయట గ్యాస్ బెలూన్లు అమ్ముతున్నారు, అవి ఓ పది తీసుకోమంటారా?

బ్రాడీపేట నుంచి

గ్యాస్ బెలూన్లు వద్దమ్మా. వీధిలో నింపేది హీలియమో హైడ్రోజనో బయటికి తెలీదు. హైడ్రోజన్ అయితే కొవ్వొత్తి సెగకే భగ్గుమంటుంది, ఆ పక్కన పిల్లల మొహాలుంటాయి.

విప్పింగ్ క్రీమ్ ఈ వేడికి బల్ల మీద అరగంటలో జారుతుంది. డార్క్ కాంపౌండ్ చాక్లెట్ 300 గ్రాములకి 100 గ్రాముల ఫ్రెష్ క్రీమ్ వేడి చేసి కలిపి పూత పూయండి. మామూలుగా వేసేంత క్రీము వేస్తే గట్టిపడదు. లోపలి కేకుకి మైదా కప్పున్నర, పంచదార కప్పు, పెరుగు కప్పు, నూనె అరకప్పు, బేకింగ్ పౌడర్ ఒకటింపావు చెంచా, సోడా అర చెంచా. 7 అంగుళాల గిన్నెలో ఒకటి వస్తుంది, మీకు రెండు కావాలి. పాత కుక్కర్లో అడుగున ఉప్పు పోసి, రబ్బరు, విజిల్ తీసేసి, సన్నసెగ మీద 40 నిమిషాలు. పెరుగులో సోడా పడ్డాక పిండిని ఆపకండి, పొంగంతా బయటే అయిపోయి కేకు మధ్యలో గుంట పడుతుంది.

నక్షత్రాలకి పంచదార పొడి మూడు చెంచాల్లో పాలు చుక్కచుక్కగా వేస్తూ చిక్కటి మజ్జిగలా కలపండి. కొత్త టూత్‌బ్రష్ ముంచి, బొటనవేలితో కుచ్చు మీద రాస్తే గడ్డకట్టిన నల్లటి చాక్లెట్ మీద సన్నటి తెల్ల చుక్కలు చిమ్ముకుంటాయి. ముందు కాగితం మీద ఒకసారి చూసుకోండి, పలచనైతే చుక్కలు కారిపోతాయి.

గ్రహాలకి సున్నుండలు పెట్టండి, వేడికి పాడవ్వవు. పావుకిలో మినపప్పు, పావుకిలో బెల్లం, 150 గ్రాముల నెయ్యికి నిమ్మకాయంతవి ఇరవై దాకా అవుతాయి.

అరండల్‌పేట నుంచి జవాబు

బాబు గురించి ఎవరూ చెప్పలేదు. 14 ఏళ్ల వాళ్లకి మనం థీమ్ ఎంచకూడదు. సినిమా, పిలిచేవాళ్ల లిస్టు వాడికే వదిలి, డాబా మీద రాత్రి సినిమా పెట్టండి. ప్రొజెక్టర్ అద్దెకి తెచ్చేటప్పుడు త్రో రేషియో, అంటే తెరకి ఉండాల్సిన దూరం బొమ్మ వెడల్పుకి ఎన్ని రెట్లో అడగండి. అది 1.4 అయితే 8 అడుగుల వెడల్పు బొమ్మకి 11 అడుగుల దూరం కావాలి, ఎత్తు నాలుగున్నర అడుగులు వస్తుంది. దుప్పటి ఒంటిపొర అయితే వెలుగు వెనక్కి పోతుంది, రెండు పొరలు కుట్టించండి. కింది అంచు మడతలో ఇనుప పైపు దూర్చితే గాలికి కొట్టుకోదు. 7:15కి ముందు మొదలెట్టకండి, వెలుగులో బొమ్మ వెలిసిపోయినట్టు కనబడుతుంది. స్పీకర్‌ని వైరుతోనే కలపండి, బ్లూటూత్‌లో మాట పెదవులకన్నా వెనకబడుతుంది. 10 తర్వాత మైకు సౌండు చట్టం ఒప్పుకోదు కాబట్టి రెండున్నర గంటల్లో అయ్యే సినిమా చూసుకోమనండి.

తినడానికి ముంత మసాలా. పదిమందికి మరమరాలు అరకిలో, ఉల్లిపాయలు అరకిలో, నాలుగు నిమ్మకాయలు, వేయించిన పల్లీలు పావుకిలో. అన్నీ తరిగి విడివిడిగా డాబా మీద పెట్టేయండి, ఎవరిది వాళ్లు కలుపుకుంటారు. ముందే కలిపితే పది నిమిషాల్లో మెత్తబడిపోతుంది.