పోలో జీటీకి కొత్త బ్రేక్ డిస్కులు: మామూలువా, గాడులవా, రంధ్రాలవా?

ఘాట్‌దారి
నా కారు 2016 నాటి పోలో జీటీ టీఎస్‌ఐ, ఆటోమేటిక్. 78,000 కిలోమీటర్లు తిరిగింది. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి రోజూ ఆఫీసుకు వెళ్ళేది ఇందులోనే, ఏడాదికి మూడుసార్లు తిరుమల వెళ్ళేదీ ఇందులోనే. గత నెల కొండ దిగుతున్నప్పుడు చివరి మలుపుల దగ్గర బ్రేక్ పెడల్ మెత్తబడింది. తొక్కిన కొద్దీ లోపలికి పోతోంది, కారు మాత్రం ఎప్పటిలా ఆగడం లేదు. కాలిన వాసన కూడా వచ్చింది. వెనుక సీట్లో అమ్మ, నాన్న, పాప ఉన్నారు. వీలున్న చోట పక్కకు తీసి అరగంట చల్లారనిచ్చి బయలుదేరాను. ఆ అరగంటను నేను మరిచిపోలేను.

అప్పటి నుంచి ఔటర్ రింగు రోడ్డు మీద 100 వేగంలో బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోంది. ఒక షాపులో రంధ్రాలున్న డిస్కులు వేస్తే వేడి సమస్యే ఉండదన్నారు. ఇంకో చోట ఉన్న డిస్కులనే లేత్ మీద పట్టించి సమం చేయిస్తే చాలన్నారు. డబ్బు గురించి ఆలోచించడం లేదు, సరైనది వేయించాలి. అనుభవం ఉన్నవారు చెప్పండి.

ఆటోనగర్_పానా
విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. రెండింటికీ ఒకే మందు అమ్మాలని చూసేవాళ్ళను నమ్మవద్దు.

పెడల్ మెత్తబడి లోపలికి పోయిందంటే బ్రేక్ ఆయిల్ మరిగింది. ద్రవం ఒత్తిడిని మోస్తుంది, ఆవిరి నలిగిపోతుంది. అందుకే కాలు కిందికి పోతుంది. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే అప్పుడు డిస్కును నొక్కి పట్టే ప్యాడ్లు వేడికి పట్టు కోల్పోయాయని అర్థం. కాలిన వాసన వచ్చిందంటున్నారు కాబట్టి మీకు రెండూ కొంత కొంత జరిగి ఉంటాయి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారు? ఇంకొక పని, చక్రం విప్పించి డిస్కు మందం కొలిపించండి. కొత్తది 22 మిల్లీమీటర్లు ఉంటుంది, కనీస మందం 19. డిస్కు అంచు మీదనే ముద్ర వేసి ఉంటుంది, తుప్పు గీకితే కనిపిస్తుంది. అంచున అరగని గట్టు ఉంటుంది, దాని మీద కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. ప్యాడ్ తిరిగే చోట మైక్రోమీటరుతో కొలవాలి.

ఘాట్‌దారి
కొలిపించాను. ఎడమ 19.4, కుడి 19.5. ఆయిల్ మార్చి నాలుగేళ్ళు దాటింది. పుస్తకంలో చూస్తే రెండేళ్ళకు ఒకసారి మార్చాలని ఉంది. ప్రతి సర్వీసు బిల్లులోనూ "బ్రేకులు తనిఖీ చేశాం" అని రాసి ఉంది, ఆయిల్ మాట ఎక్కడా లేదు.

ఆటోనగర్_పానా
అయితే లేత్ మాట మరచిపోండి. మిగిలింది అర మిల్లీమీటరు లోపే. పట్టించగానే 19 కిందికి పోతుంది. పలచబడిన డిస్కు త్వరగా కాగుతుంది, త్వరగా పగులుతుంది. ముందు చక్రాల రెండు డిస్కులూ, రెండు వైపుల ప్యాడ్లూ కలిపి మార్చాలి. కొత్త డిస్కు మీద పాత ప్యాడ్ వేయవద్దు, అది పాత డిస్కు అరుగుదలకు తగ్గట్టు అరిగి ఉంటుంది.

ఉక్కునగరం
నేను విశాఖలో భౌతికశాస్త్రం చెబుతాను. కొండ దిగడం అంటే బ్రేకులకు ఎంత పనో ఒక చిన్న లెక్కలో చూద్దాం. తిరుమలకు, తిరుపతికి ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఆగినప్పుడు వేడిగా మారే శక్తి, అదే కారు 39 మీటర్ల ఎత్తు దిగినప్పుడు విడుదలయ్యే శక్తికి సమానం. కారు బరువు ఎంతైనా ఈ లెక్క మారదు. అంటే కొండ మొత్తం దిగడం, 100 వేగం నుంచి దాదాపు 18 సార్లు పూర్తిగా ఆగడంతో సమానం. టైర్ల రాపిడి, గాలి కలిసి పావు వంతు తిన్నాయనుకున్నా, మిగిలినది ఇంజిన్, బ్రేకులు పంచుకోవాలి. మీరు గేరు డి లోనే ఉంచి దిగి ఉంటే ఇంజిన్ తన వాటా సరిగా తీసుకోలేదు. భారమంతా డిస్కుల మీద పడింది.

రంధ్రాల సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. బ్రేకు పట్టిన క్షణంలో పుట్టిన వేడిని ముందుగా దాచుకునేది డిస్కులోని ఇనుము. గాలి దాన్ని తర్వాత నెమ్మదిగా తీసుకుపోతుంది. రంధ్రం వేస్తే ఆ ఇనుమే తగ్గుతుంది. ఘాట్ రోడ్డులో 30 వేగంతో దిగేటప్పుడు గాలి కూడా అంతగా వీయదు. మీ కారు ముందు చక్రాల డిస్కు రెండు పలకల మధ్య సందులున్న రకం. గాలి లోపలి నుంచి బయటికి తోసుకుపోయేది ఆ సందుల గుండానే. డిస్కు చల్లబడడంలో అసలు పని వాటిదే.

రాణిగంజ్_బాటసారి
రంధ్రాల డిస్కులు వాడినవాడిగా చెబుతున్నాను. పాత హ్యాచ్‌బ్యాక్‌కు వేయించుకున్నాను. చక్రాల సందుల్లోంచి చూస్తే ఎంతో అందంగా ఉండేవి. వానలో మొదటి పట్టు కొంచెం ముందుగా దొరికినట్టు అనిపించింది, అది నిజమే. 25,000 కిలోమీటర్లు దాటాక టైరు మార్చేటప్పుడు చూస్తే రంధ్రం నుంచి రంధ్రానికి వెంట్రుకల్లాంటి పగుళ్ళు. ఒకటి దాదాపు అంచు దాకా వచ్చింది. ఆ రోజే తీయించేశాను. అవి ఏ కంపెనీవో పెట్టె మీద కూడా స్పష్టంగా లేదు, అందుకే అన్ని రంధ్రాల డిస్కులూ ఇంతే అని చెప్పను. కానీ ఇంటిల్లిపాదీ ఎక్కే కారుకు నేను మళ్ళీ వేయను.

శ్రీపెరుంబుదూరు_ల్యాప్
చెన్నైలో ఉంటాను, ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద ఏడాదికి నాలుగైదు సార్లు నడుపుతాను. నాదీ పోలోనే. గాడులు తీసిన డిస్కులు వాడుతున్నాను, వాటి పక్షాన నాలుగు మాటలు చెప్పాలి. బాగా వేడెక్కిన ప్యాడ్ ముఖం మీద గాజులాంటి పొర కడుతుంది. గాడి దాన్ని తుడిచేస్తూ ఉంటుంది, ప్రతి ల్యాపులోనూ పట్టు ఒకేలా ఉంటుంది. ట్రాక్ మీద ఆ తేడా కాలికి తెలుస్తుంది.

అయితే రోడ్డు మీద ఆ వేడికి మనం చేరము. అక్కడ గాడులు ప్యాడ్లను త్వరగా తినేస్తాయి, గట్టిగా బ్రేకు వేసినప్పుడల్లా గర్రుమని చప్పుడు. నా భార్య ఆ చప్పుడు వినగానే కారులో ఏదో విరిగిందని భయపడింది. నాకు అసలైన మార్పు వచ్చింది ప్యాడ్లు మార్చినప్పుడు, ఆ తర్వాత ఆయిల్‌ను డాట్ 5.1కు మార్చినప్పుడు. డాట్ 5 అని ఇంకొకటి ఉంది, అది సిలికాన్‌ది, మన కార్లలో పోయకూడదు. పేరు దగ్గరగా ఉందని పొరబడవద్దు.

డెట్రాయిట్_తెలుగు
మిషిగన్ నుంచి. నా కారు ఏడో తరం గోల్ఫ్ జీటీఐ, ముందు డిస్కులు 312 మిల్లీమీటర్లు. ఇక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, డిస్కు అరగడానికి ముందే తుప్పు తినేస్తుంది. అందువల్ల నేను చూసే మొదటి విషయం పూత. ప్యాడ్ తగలని మధ్య టోపీ భాగానికి, అంచులకు, లోపలి సందులకు బూడిద రంగు పూత ఉన్న డిస్కులు దొరుకుతాయి. రెండు చలికాలాలు గడిచినా నావి శుభ్రంగా ఉన్నాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉండేవారికీ ఇది పనికొస్తుంది.

పూత లేని డిస్కులకు నూనె పూసి పంపిస్తారు. బిగించే ముందు బ్రేక్ క్లీనరుతో పూర్తిగా తుడవాలి. నాణ్యత విషయానికి వస్తే, ఐరోపాకు అమ్మే డిస్కుల మీద ఆర్90 ఆమోదం గుర్తు ఉంటుంది. పేరు తెలియని సరుకు కొనడం కన్నా ఆ గుర్తున్న ఏటీఈ, బ్రెంబో, టీఆర్‌డబ్ల్యూ మామూలు డిస్కులు చాలా మేలు. కార్బన్ శాతం ఎక్కువగా ఉన్న రకం దొరికితే ఇంకా మంచిది, వేడికి పగుళ్ళు తక్కువ, కీచుమనే చప్పుడూ తక్కువ.

ఉప్పల్_288
పెద్ద డిస్కుల మాట ఎవరూ ఎత్తలేదు. నేను డిస్కు వ్యాసం 256 నుంచి 288 మిల్లీమీటర్లకు మారాను. మందం 25. నిజంగా బాగుంది, పెడల్ మీద నమ్మకం వచ్చింది. కానీ డిస్కు ఒక్కటి కొంటే సరిపోదు. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్, దాన్ని పట్టే బ్రాకెట్, ప్యాడ్లు అన్నీ మార్చాలి. 15 అంగుళాల చక్రం ఉండాలి, దాని లోపలి ఆకారం కాలిపర్‌కు తగలకూడదు. స్టెప్నీ కూడా ఆ కాలిపర్ మీద ఎక్కుతుందో లేదో ముందే చూసుకోండి. నేను చూసుకోలేదు. సూర్యాపేట దాటాక రాత్రి పదకొండు గంటలకు పంక్చరైనప్పుడు తెలిసింది. మామూలు డిస్కులు, ప్యాడ్లతో పోలిస్తే ఖర్చు దాదాపు మూడింతలు.

ఘాట్‌దారి
అందరికీ ధన్యవాదాలు. ఉప్పల్ అన్న చెప్పింది విన్నాక 288 ఆలోచన మానుకున్నాను. మామూలు డిస్కులే, పూత ఉన్నవి, 256. మరి స్టీరింగ్ వణకడం డిస్కు వంగిపోవడం వల్లేనా? కొత్తవి కూడా వంగితే?

ఆటోనగర్_పానా
"డిస్కు వంగింది" అని మేమూ అలవాటుగా అంటాము. నిజంగా వంగడం చాలా అరుదు. బాగా కాగిన డిస్కు మీద కారు ఆపి కాలు అలాగే తొక్కి పట్టుకుంటే, ప్యాడ్ పదార్థం ఒకే చోట అంటుకుంటుంది. లేదా డిస్కు మందం ఒక చోట ఒకలా, మరో చోట ఒకలా అరుగుతుంది. మిల్లీమీటరులో వందో వంతు, రెండు వందో వంతులు తేడా ఉన్నా చేతికి తెలుస్తుంది.

కొత్త డిస్కు కూడా రెండు మూడు వేల కిలోమీటర్లకే వణకడానికి అసలు కారణం మాత్రం బిగించడంలోనే ఉంటుంది. డిస్కు, చక్రం కూర్చునే హబ్ ముఖం మీద తుప్పు పొర ఉంటుంది. దాన్ని వైరు బ్రష్షుతో మెరిసేదాకా గీకకుండా డిస్కు తొడిగితే డిస్కు ఒక వెంట్రుక వాసి వంకరగా కూర్చుంటుంది. ప్రతి చుట్టుకూ ఒకే చోట ప్యాడ్‌కు తగులుతూ అక్కడ అరుగుతుంది. నేను ఎవరి కారుకైనా డిస్కు బిగించాక వంకరను కొలిచే డయల్ గేజ్ పెట్టి తిప్పి చూస్తాను. 0.05 మిల్లీమీటర్ల లోపు ఉంటే సంతోషం, 0.1 దాటితే విప్పి మళ్ళీ శుభ్రం చేస్తాను. చక్రం బోల్టులు టార్క్ రెంచితో 120 న్యూటన్ మీటర్లకు, ఎదురెదురుగా బిగించాలి. గాలి గన్నుతో గుద్దేసి పంపేవారిని మీరు నిలబడి ఆపండి, తప్పేమీ లేదు. కాలిపర్ కదిలే పిన్నులు కూడా తీయించి గ్రీజు పెట్టించండి. అవి పట్టేస్తే ఎంత మంచి డిస్కైనా ఒక వైపే అరుగుతుంది.

ఇంటిపట్టున
ప్యాడ్ల గురించి ఒక మాట. ప్యాడ్ వెనుకో అంచునో రెండు ఇంగ్లీషు అక్షరాలు ముద్రించి ఉంటాయి, ఎఫ్‌ఎఫ్, జీజీ అని. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడిలో. "ఈ" అక్షరం కంటే ఎఫ్, ఎఫ్ కంటే జీ ఎక్కువ. రెండో అక్షరం మొదటిదాని కంటే తక్కువగా ఉంటే, అంటే ఎఫ్‌ఈ లాంటిది, ఘాట్ రోడ్డుకు నేను తీసుకోను. ఇది పట్టు గురించి మాత్రమే చెబుతుంది, ఎంత కాలం వస్తుందో చెప్పదు.

ఘాట్‌దారి
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. డిస్కులు, ఎఫ్‌ఎఫ్ ప్యాడ్లు, డాట్ 4 ఆయిల్ అన్నీ మార్పించాను. పని జరుగుతున్నంతసేపూ పక్కనే నిలబడ్డాను. హబ్ మీద తుప్పు చూసి ఆశ్చర్యపోయాను, గీకితే పెచ్చులుగా రాలింది. డయల్ గేజ్ మీద ఎడమ వైపు మొదట 0.12 వచ్చింది. డిస్కును ఒక బోల్టు రంధ్రం పక్కకు తిప్పి తొడిగితే 0.04కు దిగింది. ఐదు బోల్టులు కాబట్టి ఐదు స్థానాలు ప్రయత్నించవచ్చని అక్కడి కుర్రవాడికి నేనే చెప్పాను, ఒక పత్రికలో చదివిన గుర్తు.

తర్వాత కొత్త ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడేందుకు తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద 80 నుంచి 20కి, పూర్తిగా ఆపకుండా, పది సార్లు మధ్యస్థంగా తొక్కి, మధ్యలో కాస్త నడిపించి, చివరికి పది కిలోమీటర్లు బ్రేకు తాకకుండా చల్లార్చాను. డిస్కు ముఖం మీద అంతటా ఒకే బూడిద రంగు పొర వచ్చింది. 100 దగ్గర స్టీరింగ్ ఇప్పుడు కదలడం లేదు.

నిన్న తిరుమల వెళ్ళి వచ్చాము. దిగేటప్పుడు గేరు మీటను మాన్యువల్ వైపు జరిపి రెండో గేరులోనే ఉంచాను. మలుపుకు ముందు ఒకసారి గట్టిగా తొక్కి వదిలేశాను, కాలు ఆనించి ఉంచలేదు. పెడల్ మొదటి మలుపులో ఎంత ఎత్తులో ఉందో అలిపిరి దగ్గరా అంతే ఉంది. నాన్న గమనించి "బండి మార్చావా?" అని అడిగారు.

ఆటోనగర్_పానా
చాలా సంతోషం. డిస్కును తిప్పి చూడడం సరైన పని, అందరూ చేయరు. కొత్తగా బిగించిన చక్రాలు కాబట్టి బోల్టులు ఒకసారి మళ్ళీ 120కి సరిచూడండి. ఆయిల్ మార్చిన నెల, సంవత్సరం ఒక స్టిక్కరు మీద రాసి బోనెట్ లోపల అంటించండి. వచ్చే సర్వీసులో వెనుక చక్రాల డ్రమ్ బ్రేకులు కూడా విప్పించి లోపలి లైనింగు చూపించండి. ముందువైపు ఇంత అరిగాయంటే వెనుకవాటిని 78,000లో ఎవరైనా విప్పారా అని నాకు అనుమానం.

ఘాట్‌దారి
బిల్లులన్నీ తిరగేశాను. ఎవరూ విప్పలేదు. శనివారం తీసుకువెళ్తున్నాను.