బీపీ మాత్రలు మొదలెట్టాక పొడి దగ్గు, కాళ్ల వాపు: ఓ వారం ఆపి చూడొచ్చా?

రాత్రిపక్షి:
నాన్నకి 64 ఏళ్లు. రెండు నెలల కిందట నడిస్తే ఛాతీ పట్టేస్తోందంటే పరీక్షలు చేసి రామిప్రిల్, ఆమ్లోడిపిన్ 10 ఎంజీ, మెటోప్రొలాల్, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ రాశారు. బీపీ అదుపులోకి వచ్చింది గానీ మూడు వారాలుగా ఒకటే పొడి దగ్గు, కఫం లేదు, జ్వరం లేదు, రాత్రి నిద్ర పోనివ్వదు, రెండు సీసాల దగ్గు మందు తాగించినా అంతే. పైగా సాయంత్రానికి రెండు పాదాలూ ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. "జబ్బు కంటే ఈ మాత్రలే నన్ను చంపేలా ఉన్నాయి, అన్నీ ఆపేస్తా" అని మొండికేశారు. అపాయింట్‌మెంట్ వచ్చే నెల. ఈలోపు ఓ వారం ఆపితే ఏమైనా అవుతుందా?

మాత్రలడబ్బా:
ఆపకండి. ముఖ్యంగా మెటోప్రొలాల్. నేను ఫార్మసిస్టుని, అందుకే గట్టిగా చెబుతున్నా. అది గుండె మీద అడ్రినలిన్ ప్రభావం పడకుండా అడ్డుకుంటుంది, కొన్నాళ్లు వాడాక గుండె ఆ అడ్డుకి అలవాటుపడి అడ్రినలిన్‌కి ఇంకా ఎక్కువ స్పందించేలా తయారవుతుంది, అలాంటప్పుడు ఒక్కసారిగా తీసేస్తే గుండె దడ, ఛాతీ నొప్పి, ఒక్కోసారి గుండెపోటు కూడా రావచ్చు. మానాలన్నా డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాల్సిందే.

దగ్గు మాత్రం చాలావరకు రామిప్రిల్ పనే అనిపిస్తోంది. అది అడ్డుకునే ఎంజైమ్‌కి రెండు పనులు: రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్-2ని తయారు చేయడం, బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని కరిగించేయడం. మొదటిది ఆగితే బీపీ తగ్గుతుంది. రెండోది కూడా ఆగుతుంది కదా, ఆ బ్రాడికైనిన్ పేరుకుని ఊపిరి గొట్టాలను గిలిపెడుతుంది. సిరప్‌లు పనిచేయకపోవడం అందుకే. మామూలుగా టెల్మిసార్టన్, లోసార్టన్ లాంటి దానికి మారుస్తారు, అవి బ్రాడికైనిన్ జోలికి పోవు. మార్చిన మర్నాడే పోతుందనుకోకండి, కొన్ని వారాలు పట్టొచ్చు. పెదాలు, నాలుక వాస్తే మాత్రం మాత్ర వేయకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

కాలిపట్టీ:
వాపు సంగతి మా అమ్మతో పడ్డాం కాబట్టి చెబుతా. ఆమ్లోడిపిన్ చిన్న ధమనులను వదులు చేస్తుంది, సిరలను అంతగా చేయదు, అంటే లోపలికి వచ్చే దారి వెడల్పయింది, బయటికి పోయే దారి అలాగే ఉంది, మధ్యలో ఒత్తిడి పెరిగి నీరు కణజాలంలోకి ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చే వాపు కాదిది. మాకు ఒకాయన ఇది చూడకుండా మూత్రం ఎక్కువ పోయే మాత్ర రాశారు, వాపు తగ్గలేదు సరికదా సోడియం పడిపోయి అమ్మ రెండ్రోజులు మత్తుగా ఉంది! చివరికి 10 ఎంజీని 5 చేస్తే వాపు పోయింది. డోసు పెరిగేకొద్దీ వాపు పెరిగే మందు ఇది.

సందేహి:
అన్నీ మాత్రల మీదికే నెట్టేయకండి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం, నాలుగైదు రోజుల్లో రెండు కేజీలు బరువు పెరగడం, ఇలాంటివి ఉంటే అదే దగ్గూ అదే వాపూ గుండె బలహీనపడటం వల్ల కావచ్చు, అప్పుడు వచ్చే నెల దాకా ఆగకూడదు. ఒక్క కాలే వాస్తే రక్తం గడ్డ కట్టిందేమో వెంటనే చూపించాలి. కాళ్ల నొప్పి అని డైక్లోఫెనాక్ లాంటివి మాత్రం కొని వేయకండి, బీపీ పెంచుతాయి, రామిప్రిల్‌తో కలిసి కిడ్నీకీ చేటే.

రాత్రిపక్షి:
ఆయాసం లేదు, రెండు దిండ్లు కూడా అక్కర్లేదంటున్నారు. బరువు నిన్ననే చూశా, పెరగలేదు. ఫోన్ చేస్తే ఎల్లుండి రమ్మన్నారు. కానీ ఇప్పుడు కొత్తగా "మరి అటోర్వాస్టాటిన్ సంగతేంటి, తొడలు పీకుతున్నాయి" అంటున్నారు 🙂

మాత్రలడబ్బా:
ఆ మాత్రతో కొందరికి కండరాల నొప్పి వచ్చే మాట నిజమే, కానీ వస్తుందన్న భయంతో వచ్చే నొప్పే ఎక్కువ. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ ఇంచుమించు అలాగే పీకిందని పరిశోధనల్లో తేలింది. నొప్పి బాగా ఎక్కువై, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే అది వేరు, అదే రోజు పరుగెత్తాలి. లేదంటే ఎల్లుండి అడిగితే సీపీకే పరీక్ష (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే రక్తపరీక్ష) రాస్తారు. డబ్బాలన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి, పేర్లు గుర్తుంటాయని వెళ్లి అక్కడ "ఆ గులాబీ రంగు మాత్ర" అంటారు అందరూ.