మాక్ ఫ్లాపీల్లో ఉన్న తెలుగు ఫైళ్లు ఇప్పటి కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడం ఎలా?

అరండల్‌పేట: అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1990ల్లో గుంటూరులో చిన్న ప్రెస్ నడిపేవారు. కంపోజింగ్ అంతా మాకింతాష్ మీద, పేజీలు పేర్చే పేజ్‌మేకర్ అనే ప్రోగ్రామ్‌లో. మా తాతయ్య రాసిన హరికథలు అందులోనే టైపు చేయించారు. రెండో ప్రూఫు దాకా వచ్చాయి గానీ పుస్తకం అచ్చు కాలేదు. రాతప్రతిని చెదలు తినేశాయి. ఇప్పుడు మిగిలింది ఒక డబ్బాడు ఫ్లాపీలు. చాలావరకు మూడున్నర అంగుళాలవి. కొన్ని మాత్రం పెద్ద మెత్తటి ఫ్లాపీలు. అవి అంతకుముందు వాడిన డాస్ మెషీన్‌వని (విండోస్‌కు ముందటి పీసీ), భారతీయ భాషల కోసం వచ్చిన జిస్ట్ కార్డు పెట్టి తెలుగు కొట్టేవాళ్లమని నాన్నగారు అంటున్నారు.

ఆన్‌లైన్‌లో యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ కొన్నాను. చిన్న ఫ్లాపీ ఏది పెట్టినా విండోస్ "ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అంటోంది. కొన్నిటికి టకటకమని చప్పుడు చేసి ఊరుకుంటోంది. విజయవాడలో ఒక షాపులో అడిగితే "ఫార్మాట్ కొట్టేసి, తర్వాత రికవరీ సాఫ్ట్‌వేర్ పెడదాం మేడమ్" అన్నారు. ధైర్యం చాలక తిరిగొచ్చేశాను. ఏం చేయమంటారు?

బెంజి సర్కిల్: తిరిగొచ్చేసి మంచి పని చేశారండీ. ఫ్లాపీని ఫుల్ ఫార్మాట్ చేస్తే ప్రతి ట్రాక్ (ఫ్లాపీ మీది గుండ్రటి వరస) మీదా కొత్తగా రాసేస్తుంది. ఆ తర్వాత ఏ రికవరీ సాఫ్ట్‌వేరూ చేసేదేం ఉండదు. విండోస్ అలా అడిగిందంటే ఫ్లాపీ పాడైందని కాదు, దాని మీద ఉన్న పద్ధతి తనకు తెలియదని మాత్రమే.

ముందు ప్రతి ఫ్లాపీ వెనక మూలన ఉన్న చిన్న ప్లాస్టిక్ మీటను జరిపి, రంధ్రంలోంచి వెలుతురు కనబడేలా పెట్టండి. ఇక డ్రైవ్ దాని మీద రాయలేదు. తర్వాత రెండో మూల చూడండి. అక్కడ కూడా రంధ్రం ఉంటే హెచ్‌డీ (ఎక్కువ పట్టే) ఫ్లాపీ, లేకపోతే డీడీ (తక్కువ పట్టేది). ఆ రెండు రకాలనూ వేరు చేసి మళ్లీ ఇక్కడ రాయండి. అసలు సంగతి అక్కడే తేలుతుంది.

ఏలూరు రోడ్డు: చెమ్మ పట్టి ఉంటాయి. మన రోహిణీ కార్తె ఎండలో ఒక పూట పెట్టండి, అన్నీ దారికొస్తాయి.

బెంజి సర్కిల్: వద్దు మహాప్రభో! ఆ ఎండకు ప్లాస్టిక్ వంకర పోతుంది. చెమ్మ మాట మాత్రం నిజమే. మన వైపు ఇన్ని వర్షాకాలాలు చూసిన ఫ్లాపీలకు బూజు ఉండే అవకాశం ఎక్కువ. పైన ఉన్న లోహపు మూతను వేలితో పక్కకు జరిపి, వెనకాల మధ్య చక్రాన్ని మెల్లగా తిప్పుతూ లైటు కింద చూడండి. తెల్లటి మచ్చలు గానీ గుండ్రటి గీతలు గానీ కనబడితే అది డ్రైవ్‌లో పెట్టకండి. ఆ బూజు డ్రైవ్ హెడ్‌కు అంటుకుని తర్వాత పెట్టే ఫ్లాపీలను కూడా గీకేస్తుంది.

అరండల్‌పేట: చూశానండీ. రెండు రంధ్రాలవి ఎక్కువ, ఒక రంధ్రంవి కొన్ని. బూజు పట్టినవి రెండు మూడు, వాటిని పక్కన పెట్టాను. మిగతావాటికి ఇమేజ్ (ఫ్లాపీలో ఉన్నదంతా ఉన్నట్టుగా ఒకే ఫైలుగా కాపీ) తీయడానికి చూస్తే, రెండు రంధ్రాలవి చాలావరకు చివరిదాకా చదివింది. కొన్ని మాత్రం మొదటి సెక్టార్ (ట్రాక్‌లో ఒక ముక్క) దగ్గరే ఆగిపోయాయి. ఒక రంధ్రంవి ఒక్కటీ కదల్లేదు.

మాస్టారు (బ్రాడీపేట): అమ్మా, నేను ఆ రోజుల్లో ప్రెస్సుల్లో మాక్ మెషీన్లు బాగు చేసేవాణ్ణి. మీ ఫ్లాపీలు కదలకపోవడానికి కారణం ఉంది.

పీసీ ఫ్లాపీ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది. ప్రతి ట్రాక్‌లోనూ సెక్టార్లు సమానం. 1.44 ఎంబీ ఫ్లాపీలో ఒక్కో వైపు 80 ట్రాకులు, ట్రాక్‌కు 18 సెక్టార్లు. పాత మాక్ అలా కాదు. బయటి ట్రాక్ పొడుగ్గా ఉంటుంది కదా, అక్కడ ఎక్కువ పట్టించుకోవచ్చని ఆపిల్ వాళ్లు 80 ట్రాకులను పదహారేసి చొప్పున ఐదు భాగాలు చేశారు. బయటి భాగంలో ట్రాక్‌కు 12 సెక్టార్లు, తర్వాత 11, 10, 9, లోపల 8. హెడ్ లోపలికి పోయేకొద్దీ మోటారు వేగం పెరుగుతుంది. లెక్క కడితే ఒక వైపు 800 సెక్టార్లు, అంటే 400 కేబీ. రెండు వైపులా 800 కేబీ. అక్షరాలను అయస్కాంత గుర్తులుగా మార్చే పద్ధతి కూడా వేరే. మీరు కొన్న యూఎస్‌బీ డ్రైవ్ లోపలి చిప్‌కు పీసీ పద్ధతి ఒక్కటే వచ్చు. మధ్యలో మనం పెట్టే సాఫ్ట్‌వేర్ దాన్ని మార్చలేదు. కాబట్టి ఒక రంధ్రంవి ఆ డ్రైవ్‌తో జన్మలో రావు.

రెండు రంధ్రాలవి వచ్చాయంటే, 1.44 ఎంబీ దగ్గరికొచ్చేసరికి ఆపిల్ కూడా పీసీ పద్ధతికే మారింది కాబట్టి. సెక్టార్లు ఒకటే, లోపలి ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను అమర్చే పద్ధతి) మాత్రం ఆపిల్ వాళ్ల హెచ్‌ఎఫ్‌ఎస్. విండోస్‌కు అది తెలియదు కనక ఫార్మాట్ అంటూ పాట అందుకుంటుంది.

అరండల్‌పేట: మరి రెండు రంధ్రాలు ఉండి కూడా మొదట్లోనే ఆగిపోయినవి?

మాస్టారు (బ్రాడీపేట): వాటిని పాడైపోయినవని పారేయకండి. పాత మాక్‌లు చాలావాటిలో 800 కేబీ డ్రైవే ఉండేది. దానికి రెండో రంధ్రం చూసే మీటే లేదు. డీడీ ఫ్లాపీలు దొరక్కపోతే ప్రెస్సు కుర్రాళ్లు హెచ్‌డీ ఫ్లాపీ పెట్టి 800 కేబీకి ఫార్మాట్ కొట్టేసేవాళ్లు. అదే ఫ్లాపీని తర్వాతి మాక్‌లో పెడితే రంధ్రం చూసి ఇది 1.44 అనుకుని మొరాయించేది. అప్పుడు ఆ రెండో రంధ్రానికి సెల్లో టేపు అంటించేవాళ్లం, చదివేసేది. రాయకుండా ఆపే రంధ్రానికి కాదు సుమా, రెండోదానికి.

ఇక దారులు రెండు. ఫ్లాపీ డ్రైవ్ ఉన్న పాత మాక్ దొరికితే హాయి. 1998లో వచ్చిన ఐమాక్ నుంచి ఆపిల్ ఫ్లాపీ తీసేసింది కనక అంతకుముందుది వెతకాలి. సిస్టమ్ 7.5 ఉంటే పీసీ ఎక్స్ఛేంజ్ అందులోనే వస్తుంది, డాస్ ఫ్లాపీ మీదికి నేరుగా కాపీ చేసుకోవచ్చు. రెండోది, గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు. ఒక వైపు యూఎస్‌బీ, ఇంకో వైపు పాత డెస్క్‌టాప్‌లోంచి తీసిన మామూలు ఫ్లాపీ డ్రైవ్. ఇది సెక్టార్లను అడగదు, ఫ్లాపీ మీద అయస్కాంత గుర్తులు ఎంతెంత వ్యవధిలో వస్తున్నాయో అదే నమోదు చేస్తుంది. అర్థం చేసుకునే పని తర్వాత కంప్యూటర్‌లో జరుగుతుంది. మాక్ 800 కేబీ దానికి వచ్చు. నన్నడిగితే ఇదే మేలు. పాత మాక్ కొనడం తేలికే, దాన్ని బతికించడమే కష్టం.

బెంజి సర్కిల్: రెండు రంధ్రాలవాటికి నావి రెండు మాటలు. లైనక్స్‌లో హెచ్‌ఎఫ్‌ఎస్ యుటిల్స్ అనే ప్రోగ్రాములు ఉంటే ఇమేజ్ లోపలి ఫైళ్లు కనబడతాయి. కొత్త మాక్ ఉన్నవాళ్ల దగ్గరికి పరిగెత్తకండి, 10.15 నుంచి మాక్ఓఎస్ పాత హెచ్‌ఎఫ్‌ఎస్ చదవడం మానేసింది.

మాస్టారు (బ్రాడీపేట): ఫైళ్లు విడివిడిగా విండోస్‌లోకి లాగకండి. మాక్ ఫైలుకు రెండు భాగాలు ఉంటాయి: డేటా ఫోర్క్, రిసోర్స్ ఫోర్క్. పీసీలోకి వచ్చేటప్పుడు రెండోది రాలిపోతుంది. పాత మాక్ ఫాంట్లలో ఉన్నదంతా ఆ రెండోదాంట్లోనే. అందుకే ఫాంట్ ఫైలు కాపీ అయినట్టే ఉండి సున్నా బైట్లు చూపిస్తుంది. తెలుగు ఫాంట్ పోతే మీ హరికథలు ఇంగ్లీషు అక్షరాల గందరగోళంగా మిగులుతాయి. ఇమేజ్‌ను ఇమేజ్‌గానే ఉంచి, బాసిలిస్క్ 2 అనే ఎమ్యులేటర్‌లో (ఇప్పటి కంప్యూటర్‌లో పాత మాక్‌లా పనిచేసే ప్రోగ్రామ్) పాత మాక్ సిస్టమ్, పేజ్‌మేకర్ పెట్టుకుని అక్కడ తెరవండి. నాన్నగారిని అడిగి ఫాంట్ల ఫ్లాపీ ఏదో ముందు పట్టుకోండి.

అరండల్‌పేట: నాన్నగారు లేబుల్ చూసి గుర్తుపట్టారు! ఎమ్యులేటర్‌లో ఫాంట్ వేశాక మొదటి హరికథ పేజీ తెర మీద తెలుగులో వచ్చింది. కానీ ఆ టెక్స్ట్ కాపీ చేసి ఫోన్‌లో పెడితే మళ్లీ ఇంగ్లీషు చెత్తే. పైగా కొన్ని అక్షరాలు ఎమ్యులేటర్‌లో ఒకలా, విండోస్‌లో ఇంకోలా ఉన్నాయి.

బెంజి సర్కిల్: అది ఫ్లాపీ సమస్య కాదండీ, ఫాంట్‌ది. అప్పటి తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో మన గుణింతాలను, ఒత్తులను కూర్చోబెట్టేవి. ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు వాడే యూనికోడ్‌లోకి మార్చాలంటే ఏ గదిలో ఏముందో పట్టిక కావాలి. విండోస్‌లో వేరేగా కనబడేవి 127 పైన ఉన్న అంకెలవి. అక్కడ మాక్ పట్టిక వేరు, విండోస్ పట్టిక వేరు. టెక్స్ట్‌గా కాపీ చేస్తే మధ్యలో ఏదో ఒక ప్రోగ్రామ్ "సాయం" చేస్తూ ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేస్తుంది. కాబట్టి ఎమ్యులేటర్‌లోనే టెక్స్ట్ ఫైలుగా ఎగుమతి చేసి, ఆ ఫైలును బైట్లు మారకుండా బయటికి తీయండి.

పట్టిక రాసేటప్పుడు క్రావడితో జాగ్రత్త. చాలా పాత ఫాంట్లలో అది ముందు వచ్చి, హల్లు తర్వాత వస్తుంది. "క్రమం" అని ఉన్నచోట మొదట ఆ కొక్కెం, తర్వాత క. యూనికోడ్‌కు క, పొల్లు, ర అనే వరస కావాలి. అక్షరానికి అక్షరం మార్చి ఊరుకుంటే హరికథ నిండా క్రావళ్లు పక్క అక్షరాలకు తగులుకుంటాయి.

ముందే కన్వర్టర్ ఉన్న ఫాంట్ అయితే మీ అదృష్టం. లేకపోతే పేజీని పెద్ద సైజులో ప్రింట్ తీసి నాన్నగారి చేతికి ఇవ్వండి. ఏ కీ కొడితే ఏం పడేదో ఆయన వేళ్లకు ఇంకా గుర్తుండొచ్చు.

అరండల్‌పేట: ఆయన అప్పుడే మొదలుపెట్టేశారు. మరి పెద్ద ఫ్లాపీలు?

మాస్టారు (బ్రాడీపేట): జిస్ట్ వాటిలో తెలుగు ఇస్కీ అనే భారతీయ భాషల కోడ్‌లో ఉంటుంది. అది ప్రమాణం కనక ఫాంట్ పట్టిక బాధ లేదు. విండోస్‌లో తెలుగు ఇస్కీకి 57005 అని కోడ్ పేజీ కూడా ఉంది. వర్డ్‌స్టార్ అనే పాత టైపింగ్ ప్రోగ్రామ్‌లో, డాక్యుమెంట్ మోడ్‌లో కొట్టినవైతే మాత్రం కొంచెం పేచీ. ప్రతి మాట చివరి అక్షరానికీ అది తన గుర్తు ఒకటి తగిలిస్తుంది.

ఆ పెద్దవాటికి అయిదుంపావు అంగుళాల డ్రైవ్ కావాలి. యూఎస్‌బీది కోసం వెతకొద్దు, పాతదాన్నే గ్రీజ్‌వీజిల్‌కు తగిలించాలి. 1.2 ఎంబీ డ్రైవ్‌లో 360 కేబీ ఫ్లాపీ చదవొచ్చు, రాయకూడదు. దాని హెడ్ సన్నం. అటక మీద ఆ డాస్ మెషీన్ ఇంకా ఉంటే తొందరపడి స్విచ్ వేయకండి. ముందు మూత తీసి, బోర్డు మీద బ్యాటరీ కారిందేమో చూడండి.

నా దగ్గర రెండు రకాల డ్రైవులూ, బోర్డూ ఉన్నాయి. ఆదివారం ఒక రంధ్రంవి, టేపు అంటించాల్సినవి, పెద్దవి తీసుకుని నాన్నగారితో రండి. బూజువి వేరే కవర్లో పెట్టండి, వాటిని చివర్లో చూద్దాం. బండి మీద తెస్తే ఎండ తగలకుండా సీటు కింద డిక్కీలో కాకుండా చేతిసంచిలో తెండి, డిక్కీ సెగకు అవి తట్టుకోవు.