పాత రోడ్ సైకిల్ విడిభాగాలకు ఇన్నేళ్లయినా ఆదరణ ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న:
1980ల నాటి ఒక స్టీలు రోడ్ సైకిల్ ఇటీవల నా చేతికి వచ్చింది. దానికి కాంపగ్నోలో కంపెనీ న్యువో రికార్డ్ రియర్ డెరైలర్ (వెనుక గొలుసును ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి జరిపే పరికరం), డౌన్ ట్యూబు (ఫ్రేములో కిందికి వాలే గొట్టం) మీద గేరు లివర్లు, అదే కంపెనీ హబ్బులు (చక్రాల మధ్య భాగాలు) ఉన్నాయి. ముందు చక్రాన్ని నేల నుంచి పైకెత్తి వదిలితే, వాల్వు ఉన్న వైపు బరువుకు అది కిందికి తిరిగి, అటూ ఇటూ ఊగి, చాలాసేపటికి గానీ నిలవడం లేదు. ఇంత పాత వస్తువు ఇంత నునుపుగా ఎలా తిరుగుతోంది? వీటినే ఉంచుకోవాలా, కొత్త గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకులు వంటి విడిభాగాల జత) వేయించాలా?

జవాబు 1:
హబ్బులను మాత్రం దయచేసి మార్చకండి. వాటిలో ఉన్నవి విడి గోళీల బేరింగులు. వెనుక హబ్బులో ఒక్కో వైపు పావు అంగుళం ఉక్కు గోళీలు తొమ్మిదేసి ఉంటాయి. కోన్ (ఇరుసు మీద గోళీలను పట్టి ఉంచే శంకువు లాంటి భాగం) విప్పి, పాత గ్రీజు తుడిచి, కొత్త గోళీలు వేసి మళ్లీ బిగించుకోవచ్చు. కోన్ అరిగినా దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. చక్కగా గట్టిపరిచి, నునుపుగా సానపట్టిన ఉక్కుకు గ్రీజు అందుతూ ఉంటే అది దశాబ్దాల పాటు పనిచేస్తుంది. అయితే క్విక్ రిలీజ్ (చక్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే మీట) బిగించినప్పుడు ఇరుసు కొద్దిగా నొక్కుకుంటుంది కాబట్టి, చక్రం బయట ఉన్నప్పుడు కోన్‌ను లేశమాత్రం వదులుగా ఉంచాలి. ఈ ఒక్క విషయం తెలియక బిగువుగా పెట్టి కోన్లను పాడుచేసినవారు ఎందరో.

జవాబు 2:
హబ్బుల విషయంలో ఏకీభవిస్తాను గానీ, డెరైలర్‌ను అంతగా మెచ్చుకోలేను. 1964లోనే సన్‌టూర్ కంపెనీ వాలుగా ఉండే ప్యారలెలోగ్రామ్‌తో (సమాంతర చతుర్భుజాకారపు కదిలే చట్రంతో) డెరైలర్‌ను రూపొందించింది. జాకీ చక్రం (డెరైలర్‌లో గొలుసును నడిపే చిన్న చక్రం) పళ్లచక్రాల వాలును అనుసరించి కదలడం వల్ల గేరు ఎంతో కచ్చితంగా పడేది. న్యువో రికార్డ్‌లో ఆ సౌకర్యం లేదు. దాని గొప్పతనమంతా మన్నికలో ఉంది: దాన్ని విప్పి శుభ్రం చేయవచ్చు. పైగా మీ లివర్లలో క్లిక్కులు (ఒక్కో గేరు దగ్గర ఆగే మెట్లు) ఉండవు కాబట్టి, వెనుక ఐదు పళ్లచక్రాలున్నా ఏడున్నా వాటికి ఒకటే. 1984లో వచ్చిన షిమానో డ్యూరా-ఏస్ 7400 క్లిక్కులతో గేరు మార్చడాన్ని సులువు చేసింది, నిజమే. కానీ ఆ క్లిక్కులు సరిగ్గా కుదరాలంటే దాని జతకు చెందిన లివరే కావాలి.

జవాబు 3:
మీరు క్రాంకుల (పెడళ్లు బిగించే చేతుల) గురించి చెప్పలేదు. అల్యూమినియం, పదే పదే ఒత్తిడి పడితే అలసి పగిలే లోహం. పాత కాంపగ్నోలో క్రాంకుల్లో, చేయి స్పైడర్‌తో (ముందు పళ్లచక్రాలను పట్టి ఉంచే కొమ్మల భాగంతో) కలిసే మూలలో పగుళ్లు రావడం తెలిసిన విషయమే. నా క్రాంకు మీద వెంట్రుకవాసి గీతను గీరుడనుకొని ఒక ఏడాది పాటు వదిలేశాను. ఎత్తు ఎక్కుతుండగా అది విరిగి, మోకాలికి దెబ్బ తగిలింది. మురికి పూర్తిగా తుడిచి, ఆ మూల మీద గోరుతో గీసి చూడండి. గోరు ఆగితే ఆ క్రాంకును ఇక వాడవద్దు. బ్రేకు కేబుళ్లు, ప్యాడ్లు ఎలా కనిపించినా కొత్తవే వేయండి.

ప్రశ్న అడిగినవారు:
వెనుక హబ్బు విప్పాను. గ్రీజు నల్లగా, మైనంలా గట్టిపడింది. తుడిచాక గోళీలు దొర్లే నాలుగు పట్టాల్లో మూడు అద్దంలా మెరిశాయి; ఫ్రీవీల్ (వెనుక పళ్లచక్రాల గుత్తి) వైపు కోన్ మీద మాత్రం సూదిమొనంత గుంట ఒకటి కనిపించింది. ఆ కోన్‌ను, పద్దెనిమిది గోళీలను మారుస్తున్నాను. క్రాంకు మూలలో గోరు ఎక్కడా ఆగలేదు.