ట్యాంకర్ ఖర్చు గొడవ: మీటింగ్‌కి బయటి మనిషిని పెడితే తేలుతుందా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో 40 ఫ్లాట్లు. నీళ్ల ఖర్చు అందరికీ సమానంగా వేయాలా, మీటర్లు పెట్టాలా అన్నది ఎన్ని మీటింగులైనా తేలట్లేదు. ఏ పక్షానికీ చెందని మనిషితో నడిపిద్దామంటున్నారు. ఎలాగండీ?

జవాబు 1: ఓనరు, అద్దెదారు, బిల్డర్ బంధువు, మీటర్లు అమ్మేవాళ్లు వద్దు. రెండు పక్షాలూ ఒప్పుకున్నాకే పిలవండి. సెక్రటరీ ఒక్కరే తీసుకొస్తే 'మీ మనిషి' అనేస్తారు. మాట్లాడించడం, టైమ్ చూడడం, చార్టు మీద రాయడం, ఇంతే ఆయన పని. 'మీటర్లే మేలు' అని ఒక్కసారి నోరు జారారా, ఇక ఆయన మాట ఎవరూ వినరు.

జవాబు 2: వారం ముందే ఆయన రెండు వైపులా విడివిడిగా మాట్లాడాలి. అసలు అభ్యంతరం అక్కడే బయటపడుతుంది. ఉదాహరణకి, చాలా బిల్డింగుల్లో కిచెన్‌కి, ఒక్కో బాత్రూమ్‌కి వేరే పైపు దిగుతుంది, అంటే ఫ్లాటుకి 3, 4 మీటర్లు. ప్లంబర్‌తో ఇన్‌లెట్లు (ఫ్లాట్లలోకి దిగే పైపులు) లెక్కపెట్టించి, 6 నెలల ట్యాంకర్ బిల్లులతో కలిపి అందరికీ ముందే పంపండి. మీటింగ్‌లో మొదటి 5 నిమిషాలు ఎవరికివారు చీటీ మీద రాయాలి, ఆ తర్వాతే మనిషికి 2 నిమిషాలు. లేదంటే పెద్ద గొంతున్నవాళ్లదే రాజ్యం.

జవాబు 3: తీర్మానం మాత్రం ఆయన చేతిలో పెట్టకండి, ఓటింగ్ బైలా (అసోసియేషన్ రూల్స్) ప్రకారమే జరగాలి. ఏ పని ఎవరిది, ఏ తేదీలోగా అన్నది మినిట్స్‌లో (మీటింగ్ రికార్డులో) రాసి, అక్కడే చదివి సంతకాలు తీసుకోండి.