న్యూజెర్సీ మంచులో తాటిజాతి చెట్టు బతుకుతుందా?

హనుమకొండ మాస్టారు

అందరికీ నమస్కారం. నేను జీవశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారిని. మా చిన్నమ్మాయి వాళ్లు న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఇల్లు కొన్నారు. ఏప్రిల్ చివర్లో నేనూ మా ఆవిడా వెళ్తున్నాం, దసరాకు తిరిగి వస్తాం. అల్లుడిది రాయపర్తి వైపు. వాళ్ల పొలం గట్టు పొడవునా తాటిచెట్లే. అమెరికాలో ఇంటి ముందు కూడా ఆ జాతి చెట్టు ఒక్కటైనా ఉండాలని పట్టుబట్టి కూర్చున్నాడు. అక్కడి నర్సరీలో ‘విండ్‌మిల్ పామ్’ అని చూసి వచ్చాడు. మంచు కురిసినా దానికేమీ కాదని అమ్మేవాళ్లు చెప్పారట. అమ్మేవాళ్లు ఇంకేం చెబుతారు?

నా అనుమానం ఇది. మనకు డిసెంబరులో 10 డిగ్రీలకు దిగితేనే పేపర్లో వార్త. అక్కడ జనవరి రాత్రులు మైనస్ 15 దాకా పోతాయంటున్నారు. వేపను మొదలుకు నరికినా పక్క నుంచి చిగురిస్తుంది. తాటి జాతికి ఆ సౌకర్యం లేదు, ఉన్నది ఒక్కటే మొవ్వు, అంటే నడినెత్తిన ఉండే చిగురు. అది గడ్డకడితే కథ ముగిసినట్టే కదా? పైగా ఇక్కడి నుంచి ఈత గింజలు కూడా తెమ్మంటున్నాడు. చేతులారా పెంచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

మంచిర్యాల వాసి

సార్, ముంజలు కాస్తాయా? కాయకపోతే అంత తంటా దేనికి? ఒక మేపుల్ మొక్క నాటి, వేసవి సెలవులకు అల్లుడిగారిని రాయపర్తి రమ్మనండి.

కరీంనగర్ టు డాలస్

మాస్టారూ, మాది టెక్సస్, మీ అమ్మాయి వాళ్లకంటే వెచ్చటి చోటు. అయినా 2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో మైనస్ 19 నమోదైంది. మా కాలనీ ముఖద్వారం దగ్గర వాషింగ్టోనియా పామ్‌లు రెండు వరసలుగా, కరెంటు స్తంభాల ఎత్తున ఉండేవి. ఆ వేసవికి అన్నీ క్రేన్లు పెట్టి నరికించారు. విండ్‌మిల్ పామ్‌లలో కొన్ని పోయాయి, కొన్ని ఆలస్యంగా తేరుకున్నాయి. నేలబారున ఉండే సబాల్ మైనర్ పొదలు మాత్రం ఏమీ ఎరగనట్టు నిలిచాయి. ఏ జాతి అన్నదే అసలు సంగతి. ‘పామ్’ అనే పేరు చూసి కొనవద్దు.

నర్సంపేట ఆడబిడ్డ

సార్, నేను మీ అమ్మాయి వాళ్లకు దగ్గర్లోనే ఉంటాను. మా ఇంటి దక్షిణం గోడ పక్కన విండ్‌మిల్ పామ్ ఉంది, ఇప్పుడు నా భుజం దాటింది. కాబట్టి బతుకుతుంది. కానీ దాని మానాన దాన్ని వదిలేస్తే ఇక్కడ బతకదు. నర్సరీ వాళ్లు మింగేసిన సగం అది.

మా నాన్న గీత కార్మికుడు. ఈత చెట్టును ఒక ఏడు ఒక పక్క గీస్తే మరుసటి ఏడు రెండో పక్కకు మారేవాడు. కత్తి ఏ మాత్రం లోతుకు పోయి మొవ్వుకు తగిలినా చెట్టు చేతికి రాదని, కొత్తగా ఎక్కేవాళ్లను కింద నిలబడి కేకలేసేవాడు. నేను న్యూజెర్సీలో నా చెట్టును చూసేది కూడా ఆ లెక్కలోనే. మట్టలు మాడితే మాడనీయండి, మొవ్వు దక్కితే ఎండాకాలంలో కొత్త మట్టలు వస్తాయి. మొవ్వు పోయాక మట్టలు పచ్చగా ఉన్నా లాభం లేదు. చచ్చిన చెట్టు కూడా చాలా రోజులు పచ్చగానే కనబడుతుంది, అక్కడే జనం మోసపోతారు.

విండ్‌మిల్ సొంత ఊరు చైనా కొండలు. బోదె చుట్టూ దట్టంగా గోధుమరంగు పీచు ఉంటుంది. అక్కడ ఆ పీచుతో తాళ్లు, చీపుర్లు, వాన తొడుగులు చేసుకునేవారు. బాగా వేరూనిన చెట్టు ఒక రాత్రికి మైనస్ 15 దాకా ఓర్చుకుంటుంది. ఒక్క రాత్రి వేరు, పగలు కూడా సున్నా దాటకుండా నాలుగైదు రోజులు వరసగా బిగబట్టడం వేరు. నేల గడ్డకట్టాక వేళ్లు నీరు తీసుకోలేవు, పైన ఎండా గాలీ మట్టలను పీల్చేస్తాయి. చలికంటే ముందు దాహంతో పోతుంది.

దానికంటే పెద్ద శత్రువు తడి. డిసెంబరు వాన మొవ్వులోకి దిగి, ఆ రాత్రే గడ్డకడితే లోపల కుళ్లు మొదలవుతుంది. మన కొబ్బరి తోటల్లో మొవ్వు కుళ్లు తెగులు అంటామే, దాదాపు అదే తంతు. అందుకే నేను మట్టలన్నీ పైకెత్తి తాడుతో వదులుగా కట్టి, నాలుగు గుంజలు పాతి, చుట్టూ థర్మాకోల్ షీట్లు నిలబెట్టి పైన మూత వేస్తాను. చెట్టు మొదలు చుట్టూ ఎండుటాకులు, చెక్క పొట్టు మోకాలెత్తు పోస్తాను. లోపల పాతకాలం క్రిస్మస్ బల్బుల దండ ఉంటుంది. ఎల్‌ఈడీలు కొనవద్దు, వాటికి వేడి రాదు. ఆ దండను థర్మోస్టాట్ ప్లగ్గుకు తగిలిస్తే 2 డిగ్రీలకు వెలిగి 7 డిగ్రీలకు ఆరిపోతుంది. ఎండ బాగా కాసిన రోజు మూత తీయాలి, లేకపోతే లోపల ఉడుకుతుంది. మా ఎదురింటి పెద్దాయన మొదటిసారి చూసి, లోపల ఎవరున్నారని అడిగాడు.

మార్చిలో పెట్టె విప్పగానే మధ్యలో విచ్చుకోని ఆకు ఉంటుంది చూడండి, ఈటెలాగా, దాన్ని రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగాలి. గట్టిగా నిలిస్తే ఆ ఏడు గండం గడిచినట్టు. చేతిలోకి ఊడి వస్తే అడుగు భాగం చూడండి. గోధుమరంగుకు తిరిగి, జిగటగా, పాచిన కల్లు వాసన వేస్తుంది. అప్పుడైనా ఆశ వదులుకోవద్దు. ఆ గుంతలో 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి, నురగ ఆగాక ఆరనిచ్చి, రాగి మందు కొట్టి, వాన పడకుండా కప్పి ఉంచాలి. పెరుగుదల కేంద్రం ఇంకా లోతుగా ఉంటుంది కాబట్టి చాలాసార్లు కింది నుంచి మళ్లీ తోసుకొస్తుంది. మొదటి ఒకటి రెండు ఆకులు కొసలు తెగి వంకరగా వస్తాయి, కంగారు పడవద్దు.

ఇంత చాకిరీ వద్దనుకుంటే నీడిల్ పామ్ పెట్టించండి. మైనస్ 20 కిందికి పోయినా తట్టుకుంటుంది. సబాల్ మైనర్ కూడా గట్టిదే, దాని బోదె నేలలోపలే ఉంటుంది గనక మొవ్వుకు మట్టే దుప్పటి. కాకపోతే రెండూ పొదల్లా ఉంటాయి. పొలం గట్టు కళ్లముందు మెదిలే మనిషికి పొద చూపిస్తే ఒప్పుకుంటాడా, అది మీరే తేల్చుకోవాలి.

ఈత గింజల మాట మరచిపోండి. ఈత మైనస్ 6, 7 దాకా ఏదో ఓర్చుకుంటుంది, ఇక్కడి జనవరి ముందు అది ఏ మూలకూ రాదు. పైగా నాటే గింజలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. చెప్పకుండా పచ్చళ్ల మధ్య పెట్టి తెస్తే విమానాశ్రయంలో గింజలూ పోతాయి, జరిమానా కూడా పడవచ్చు.

మంచిర్యాల అన్నా, ముంజలు కాయవు. ఆడచెట్టయితే నల్లటి నీలం రంగు చిన్న కాయలు గుత్తులుగా వస్తాయి, తినడానికి పనికిరావు. మన పోతుతాడు, పెంటితాడు లాగే దీనికీ ఆడ, మగ వేరు.

ఆదిలాబాద్ అడవిగాలి

మాస్టారికి ఇంకో సంగతి. విండ్‌మిల్‌కు చుట్టం ఒకటి మన దేశంలోనే ఉంది, ట్రాకీకార్పస్ టాకిల్. ఉత్తరాఖండ్‌లో పిథోరాగఢ్ దగ్గర థల్ కేదార్ అడవుల్లో, 2,000 మీటర్లకు పైన, ఓక్ చెట్ల మధ్య పెరుగుతుంది. చలికాలం దాని మీద మంచు కురుస్తుంది. ఇటలీ శాస్త్రవేత్త బెకారి 1905లో దానికి పేరు పెట్టాడు. అమెరికాలో ఆ పేరుతో అమ్మే మొక్కల్లో చాలావరకు మామూలు విండ్‌మిల్లేనని పెంచేవాళ్లు గొణుక్కుంటారు, ఎక్కువ ధర పెట్టకండి.

మా జిల్లాలో 5 డిగ్రీల కిందికి పడిన ఏడు మా పెరటి కొబ్బరి మొహం మాడ్చుకుంది. పక్కనున్న తాటిచెట్టు మాత్రం చలించలేదు.

హనుమకొండ మాస్టారు

అమ్మా నర్సంపేట ఆడబిడ్డా, పాఠం బాగా చెప్పావు. అల్లుడికి చదివి వినిపించాను. పొద వద్దట, చెట్టే కావాలట. రెండు ప్రశ్నలు. వాళ్లిద్దరూ ఉద్యోగస్తులు, మేము దసరాకు వచ్చేస్తాం, మరి ఆ పెట్టె ఎవరు కడతారు? కుండీలో పెంచి చలికాలం గ్యారేజీలో పెడితే సరిపోదా?

నర్సంపేట ఆడబిడ్డ

కుండీ గ్యారేజీలో ఉంటే సరే, బయట మరచిపోతేనే చిక్కు. నేలలోని వేళ్లకు చుట్టూ మట్టి కాపు ఉంటుంది, కుండీలో నాలుగు వైపులా చలే. మొదటి రెండేళ్లు కుండీలో ముదరనిచ్చి తరవాత నేలలో పెట్టినా మంచిదే. నేలలోనే పెట్టాలంటే మాత్రం మే నెల మధ్యలో, మీరు అక్కడ ఉండగానే పెట్టించండి. వేరు పట్టడానికి ఎండాకాలమంతా దొరుకుతుంది. నీళ్లు నిలవని చోటు, ఉత్తరం గాలి తగలని చోటు చూడండి. ఆగస్టు తరవాత యూరియా లాంటి ఎరువు వేయవద్దు, లేత ఆకు చలికి నిలవదు.

పెట్టె పని నవంబరు చివర్లో ఒక ఆదివారం చాలు. మీరు బయలుదేరే ముందు గుంజలు నాలుగూ పాతి, షీట్లు కొలతకు కోయించి గ్యారేజీలో పెట్టి రండి. నేల బిగుసుకున్నాక గుంజ దిగదు, మీ అల్లుడు సుత్తి పట్టుకొని నాకు ఫోను చేస్తాడు.